వరస కలిపిన మనిషి

నరసన్నపేట దాటి హైవే దిగి, కోతలైపోయిన పొలాల మధ్య నుంచి ఆ ఊరు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఇంటి ముందు షామియానా వేసి ఉంది. మగాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో, ఆడవాళ్ళు అరుగు మీద. కారు దిగిన మా నలుగురినీ ఎగాదిగా చూసి, ఒక పెద్దావిడ అడగాల్సిన మాట అడిగింది.

"ఏ ఊరోలమ్మా మీరు? ఈడికేటవుతారు?"

"నాకు తమ్ముడండి," అన్నాడు నాన్న.

"నేను మేనకోడల్ని," అన్నాను నేను, సరిగ్గా అదే సమయానికి.

"మా పెదనాన్న," అన్నాడు మా ఆయన.

పెద్దావిడ ముందు నాన్న మొహం చూసింది, తర్వాత నా మొహం చూసింది. అన్న కూతురు మేనకోడలెలాగయిందో ఆవిడకి అంతుపట్టలేదు. చావింటికొచ్చి ఎకసక్కేలాడుతున్నారా అని పైకి అనలేక మా అమ్మ వైపు తిరిగింది. "నువ్వేటవుతావు తల్లీ?"

అమ్మ చెంగు భుజం మీదకి లాక్కుని షామియానా గుంజ పక్కన నిలబడింది. ఆవిడ దగ్గర రెండు జవాబులున్నాయి. ఏది చెప్పినా రెండోది అబద్ధమవుతుంది.

తప్పు మాది కాదు. మా అందరికీ ఈ వరసలు పెట్టింది లోపల చాప మీద పడుకున్న ఆ మనిషే. ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నన్నాళ్ళూ మా ఎవరి చేతా పేరు పెట్టి పిలిపించుకోలేదు, పోయాక నేను మొదలుపెట్టడం బాగుండదు.

ఆయన మాకు బ్యాంకాక్‌లో దొరికాడు. ఊరి చివరి నూలు మిల్లులో నాన్నకి ఉద్యోగం వచ్చి, నన్నూ అమ్మనీ తీసుకెళ్ళిన కొత్త. మేం కాపురం పెట్టిన బిల్డింగులో సగం మంది మాలాంటి పరాయి దేశాల వాళ్ళే. లిఫ్టు ఎక్కామో లేదో అమ్మ నన్ను సతాయించడం మొదలుపెట్టింది, "సరిగ్గా నిలబడవే, ఆ గోడకి ఆనుకోకు" అని. మూల నుంచి ఒక గొంతు, "ఏ ఊరమ్మా?" అంది.

అమ్మ చేతిలో కుక్కరు జారబోయి ఆగింది. చూస్తే, మిల్లు చొక్కా వేసుకున్న ఒక నల్లటి మనిషి. కనుబొమ్మల నిండా దూది నూగు. పొద్దున్నే ముసలాడైపోయిన కుర్రాడిలా ఉన్నాడు.

"విజయనగరమండి."

"ఇజీనారంలో ఎక్కడ?"

అమ్మ చెప్పింది. ఆయన లిఫ్టు కప్పు వైపు చూశాడు. బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడవడం మొదలైంది, తిథి చూస్తున్నట్టు. పెదాలు కదిలాయి. మా తాతగారి ఊరికి ఎప్పుడో ఇచ్చిన ఎవరో పిన్నమ్మ పేరు చెప్పాడు. ఆవిడెవరో అమ్మకి తెలీదు, తెలీదని చెప్పే తెరిపి ఆయన ఇవ్వలేదు. మా అంతస్తు వచ్చేసరికి లెక్క తేలిపోయింది.

"అయితే మీ ఆయన నాకు అన్నవుతాడు. నువ్వు వదినవి. ఆ కుక్కరిలా ఇయ్యి వదినా, నానట్టుకొస్తాను."

వరస కలపడం ఆయనకి అలవాటు కాదు, వృత్తి. మిల్లులో మిషన్లు బాగుచేసే పని పొట్టకూటికి చేసేవాడు. గేటు దగ్గర కాపలా ఉండే థాయి ముసలావిడ ఆయనకి అత్త. మా అంతస్తు చివర ఫ్లాట్‌లో ఉండే జపాను ఆయన తోడల్లుడు. అదెలా అని నాన్న అడిగితే, "ఇద్దరం పెళ్ళాం పిల్లల్ని ఒగ్గీసి ఒక్కలాంటి మావగారి ఇంట్లో పడున్నాం కదా అన్నయ్యా, కంపెనీ అంటే మావ కాక మరేటి" అన్నాడు. జపాను ఆయనకి ఏం అర్థమైందో గానీ, కనిపించినప్పుడల్లా వంగి, "తోదలుదు" అనేవాడు.

వచ్చిన కొత్తలో మా సందు మొదట్లో బండి దగ్గర ఒకావిడ తులసిలాంటి ఆకుని పంది మాంసంలో వేసి వేయించడం అమ్మ చూసింది. ఇంటికొచ్చి తలస్నానం చేసి, ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ సంగతి ఆయనకి తెలిసి ఓదార్చడానికి వచ్చాడు. "అది తులసి కాదు వదినా. తులసికి సవితి కూతురు. దానికా పట్టింపుల్లేవు." అమ్మ ఆ ఊళ్ళో మొదటిసారి నవ్వడం నేను అప్పుడే చూశాను.

మా అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడకి అన్నదమ్ములు లేరు. నాన్నకీ లేరు. అంటే పుట్టింటి తరపున నిలబడే మనిషీ లేడు, అత్తింట్లో ఎకసక్కెం ఆడటానికి వీలైన మరిదీ లేడు. విజయనగరంలో అత్తగారి ముందు గొంతెత్తింది లేదు. బ్యాంకాక్‌లో అయితే గొంతుతో పనే లేదు. నాన్న మిల్లు వ్యానులో పొద్దున్నే పోయి చీకటిపడ్డాక వస్తాడు. నన్ను స్కూలు బస్సు పట్టుకుపోతుంది. బజార్లో కూరగాయలు వేలుతో చూపిస్తే వాళ్ళు కాలిక్యులేటర్ మీద ధర నొక్కి చూపిస్తారు. బాల్కనీలోంచి చూస్తే ఎదురు బిల్డింగు ఏసీల వీపులు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అమ్మ కుక్కరుతో మాట్లాడుతోంది. "ఇంకా ఎన్నిసార్లు అరుస్తావు, వింటున్నాను కదా" అంటోంది. నాకు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.

ఆదివారం మాత్రం ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఆయన భార్య ఊళ్ళోనే ఉండిపోయింది. ఒకసారి వచ్చి, లిఫ్టు ఎక్కితే కళ్ళు తిరుగుతున్నాయని తిరిగెళ్ళిపోయింది. ఆయన వచ్చీ రావడంతో బాల్కనీలో పేము కుర్చీలో జారబడి, కాళ్ళు రెయిలింగు మీద పెట్టేవాడు. ఇక సాయంత్రం వెళ్ళేదాకా లేవడమన్నది లేదు.

"వదినా, పులుసులో ములక్కాడ కనపడదేటి? ఈతకెల్లిందా?"

"మునిగి వెతుక్కో మరిదీ. ఎలాగూ లేచే పని లేదు కదా నీకు."

"మరిది లెగిసి పని సేసుకుంటే వదినకేటి పరువు?"

"ఏటి, ఆ కాళ్ళు రెయిలింగుకి వెల్డింగు చేసి పంపేరా మీ మిల్లోళ్ళు?"

ఇలా సాగేది. నాన్న పేపరు చదువుకునేవాడు. అమ్మ వంటింట్లోంచి అరుస్తూ మాట్లాడేది, అదీ ఇజీనారం యాసలో, పుట్టింట్లో ఉన్నట్టు. శనివారం నుంచే రేపు ఏం అనాలో తయారుచేసుకునేదని నా అనుమానం. ఇందులో ఇంకేదో ఉందని వెతికేవాళ్ళు వెతుక్కోవచ్చు, దొరకదు. మా అమ్మకి కావలసింది తిట్టడానికి ఒక మనిషి. దేవుడు ఇవ్వలేదు, ఆయన లిఫ్టులో లెక్క కట్టి ఇచ్చాడు.

ఆ బిల్డింగులో ఎవరూ నిలిచే రకం కాదు. కాంట్రాక్టు అయిపోతుంది, లేదా కంపెనీ వేరే ఊరికి పొమ్మంటుంది. ఫ్రిజ్జు ఒకళ్ళకి, మంచం ఒకళ్ళకి అంటగట్టి, సూట్‌కేసులతో లిఫ్టులో దిగిపోతారు. నా పక్కన బస్సులో కూర్చునే పిల్ల ఒక సోమవారం ఉండేది కాదు. అలాంటి ఒక సోమవారం నేను ఏడుస్తూ కూర్చుంటే ఆయన వచ్చాడు. ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళకి ఈ వరసలెందుకు చిన్నాన్నా అని అడిగాను.

"పేరెట్టి పిలిసేవనుకో, వీసా అయిపోతే మర్సిపోతారు. పిన్నీ అని పిలిసేవనుకో, మర్సిపోడానికి సిగ్గేస్తాది," అన్నాడు.

ఆ మాట నిజమే. మమ్మల్నెవరూ మరిచిపోలేదు. అసలు చిక్కు అందులోంచే వచ్చింది.

మా పై అంతస్తులోకి నెల్లిమర్ల వైపు వాళ్ళు దిగారు. వాళ్ళాయన ఈయన కంటే చిన్నవాడు కాబట్టి తమ్ముడయ్యాడు. వాళ్ళబ్బాయికి ఈయన పెదనాన్న, నాకు చిన్నాన్న. అంటే ఆ అబ్బాయి నాకు అన్నయ్య. "అన్నయ్యా అని పిలవ్వే గుంటా" అని ఆయన ఎంత పోరినా నేను పిలవలేదు. పేరు పెట్టి పిలిచి తిట్లు తిన్నాను. ఎందుకు పిలవబుద్ధి కాలేదో అప్పట్లో నాకూ తెలీదు.

ఈలోగా మా నానమ్మ కొన్నాళ్ళు ఉండడానికి వచ్చింది. రామతీర్థం దగ్గర పల్లెలో పుట్టి, విజయనగరం దాటి ఎరగని మనిషి. ఆయన, "పెద్దమ్మా" అంటూ కాళ్ళకి దణ్ణం పెట్టి, చెయ్యి పట్టుకుని బిల్డింగంతా తిప్పాడు. ఫలానావాళ్ళు నీకిదవుతారు, ఫలానావాళ్ళు అదవుతారు అని అప్పజెప్పాడు. గేటు దగ్గర థాయి ముసలావిడతో నానమ్మ భాష లేకుండానే గంటలు గంటలు కబుర్లు చెప్పేది, వదినాగారంటూ. తిరిగి ఊరికెళ్ళాక, మావాళ్ళంతా బేంకాక్‌లో ఉన్నారని చుట్టుపక్కల చెప్పుకుంది. ఆయన చెప్పిన ప్రతి వరసా ఆవిడకి వేదం.

తర్వాత మేం విజయనగరం వచ్చేశాం. వెనకే నెల్లిమర్ల వాళ్ళూ వచ్చేశారు. ఆయన ఒక్కడే అక్కడ మిగిలాడు. నేనూ ఆ అబ్బాయీ ఒకే కాలేజీలో చదివాం. అన్నయ్యా అని ఎందుకు పిలవలేదో నాకు అక్కడ అర్థమైంది. అతనికి అంతకుముందే అర్థమైందట, చెప్పలేదు.

రెండిళ్ళలోనూ చెప్పాం. కులం కలిసింది, చదువులు కలిశాయి, పెద్దవాళ్ళ స్నేహం ఎలాగూ ఉంది. అడ్డు చెప్పడానికి ఎవరికీ ఏమీ లేదనుకున్నాం. నానమ్మకి ఉంది.

"అన్నయ్యని మనువాడతాదా? ఓలమ్మో, ఎక్కడైనా ఉన్నాదా ఇది?"

"అది ఊరికే పిలుపమ్మా," అన్నాడు నాన్న.

"ఊరికే పిలుపైతే, తమ్ముడని ఇన్నేళ్ళు ఎందుకు తిండెట్టేవు ఆడికి?"

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. చదువుకున్నవాళ్ళం, నవ్వేసి ఊరుకోవాలి. నవ్వు రాలేదు. అబ్బాయి వాళ్ళమ్మ కూడా, పెద్దావిడ మనసు కష్టపెట్టి ఎలా చేస్తామండి అని వెనక్కి తగ్గింది. నేను పుట్టాక తెలిసిన మనిషి కప్పు వైపు చూసి వేళ్ళ మీద కట్టిన లెక్క, నా పెళ్ళికి అడ్డం పడుకుంది. ఆయన మీద నాకు పీకల దాకా కోపం వచ్చింది.

ఆయన సెలవు మీద వచ్చి మా ఇంట్లో దిగిన సాయంత్రం నానమ్మ పంచాయితీ పెట్టింది. "నువ్వే సెప్పు నాయినా. ఇది కూడునా?"

ఆయన ఫ్యాను వైపు చూశాడు. బొటనవేలు కణుపుల మీద నడిచింది. మధ్యలో ఆగిపోయింది. అలా ఆగడం నేను అంతకుముందు చూడలేదు.

"రేపు సెప్తాను పెద్దమ్మా," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "రామతీర్థం ఎల్దారి, స్కూటరు తియ్యి," అన్నాడు.

దర్శనం చేసుకుని కొండ మెట్ల మీద కూర్చున్నాం. ఎండ తగ్గింది. కింద ఊరూ, ఆ వెనక పొలాలూ కనిపిస్తున్నాయి. నేను బుంగమూతి పెట్టుకునే ఉన్నాను.

"మార్సడం కష్టమేటి కాదే," అన్నాడు. "ఆలమ్మని సెల్లెల్ని సేసుకుంటే సరిపోద్ది. ఆ గుంటడికి మేనమావనవుతాను. నీకు సిన్నాన్నగానే ఉంటాను. మేనరికమే అవుతాది."

"అయితే అలాగే చెయ్యి చిన్నాన్నా. మరి ఇందాక చెప్పలేదేం?"

ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. "ఆయమ్మకి నిజమైన అన్నదమ్ములు ఉన్నారు కదా, నానెందుకు? పెళ్ళిలో నిన్ను బుట్టలో కూకోబెట్టి ఎవులు తెస్తారే?"

పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామ. నాకు మేనమామ లేడు. ఎవరో ఒకరు తెస్తారులే, నాన్న వైపు చుట్టాల్లో ఎవరినో అడుగుదాం అన్నాను.

"ఎవులో ఒకలు తేవడమేటి? పందిట్లో అందరూ సూస్తారు, తల్లి తరపునోడు ఒక్కడూ లేడని. మీ అమ్మ అడగదు. అడిగే మనిషైతే నన్ను ఆ కుర్సీలోంచి ఎప్పుడో లెగ్గొట్టీది."

అప్పుడు నాకు లెక్క అర్థమైంది. అమ్మకి ఆయన అన్న కావాలనుకుంటున్నాడు.

"మంచిదే కదా," అన్నాను.

"మంచిదే." కండువా మడిచి భుజం మీద వేసుకున్నాడు. "ఇంక ఆవిడని ఏటీ అనకూడదు."

"అంటే అను, ఎవరు చూడొచ్చారు?"

"అలాగైతే వరసెందుకే? సెల్లెలితో సరసాలాడీవోడు ఉంటాడేటి ఎక్కడైనా?" అని లేచాడు.

మర్నాడు పొద్దున్న అందరం హాల్లో ఉన్నాం. ఆయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కాళ్ళు కింద పెట్టుకునే కూర్చున్నాడు. అమ్మ టీ గ్లాసులు పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. ఏదో అనడానికి నోరు తెరిచింది కూడా, పెదాల మీద ఆ పాత నవ్వు ఉంది.

ఆయన లేచి నిలబడ్డాడు.

"నువ్వు కూకో సెల్లీ. నానట్టుకుంటాను," అని చేతిలో గ్లాసులు అందుకుని, ఒకటి నానమ్మకిచ్చాడు. "టీ తీసుకో అత్తా." ఇంకోటి నాన్నకి. "బావా, ఇంద."

నానమ్మ ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత ఆవిడ కూడా వేళ్ళు ముడిచి లెక్క చూసుకుంది. మొహం విచ్చుకుంది. "అయితే మేనరికమే కదరా అల్లుడా," అంది. అంతే, అయిపోయింది. నా పెళ్ళి కుదిరింది. సంతోషంతో నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అమ్మ ఖాళీ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆయన కూడా కూర్చోలేదు.

పెళ్ళిలో నన్ను ఆయనే మోశాడు. బుట్ట తమ ఊళ్ళో అల్లించి, పసుపు పూసి బస్సులో వేసుకొచ్చాడు. అప్పటికే నడుం నొప్పి. మా ఆయన స్నేహితులు ఓ చెయ్యి వెయ్యబోతే, "మీరేటవుతారు దీనికి? తప్పుకోండి" అని కసిరాడు. మండపం దగ్గరకి వచ్చేసరికి రొప్పుతున్నాడు. అమ్మ ఆయన తెచ్చిన పుట్టింటి చీర కట్టుకుని, ఆ కాసేపు పందిట్లో అందరికంటే పొడుగ్గా నిలబడింది. అంత గర్వం ఆవిడ మొహంలో ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

తర్వాత ఆయన మిల్లు మానేసి ఊరొచ్చేశాడు. పండక్కీ పబ్బానికీ నరసన్నపేట బస్సెక్కి విజయనగరం వచ్చేవాడు, సంచిలో అమ్మకి చీరో, జాకెట్టు గుడ్డో పెట్టుకుని. అమ్మ గదిలోకి అడుగు పెడితే చాలు, లేచి నిలబడేవాడు. మోకాళ్ళు పట్టేసినా, చేతులు ఆనించుకుని లేచేవాడు. ఎందుకంత శ్రమ, కూర్చో అని నేనంటే, "మా ఇంట్లో ఆడపడుసు వస్తే మగోడు కూకోకూడదు" అనేవాడు. చక్కటి మర్యాద. అమ్మకి ఆ మర్యాద చూస్తే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. నాతో ఎప్పుడూ అనలేదు గానీ, ఆయన ఉన్నప్పుడు హాల్లోకి రావడం తగ్గించేసింది. వస్తే లేస్తాడని.

ఒకసారి అమ్మ కావాలని పులుసులో ఉప్పు వెయ్యలేదు. మరిచిపోవడం కాదు, నా కళ్ళ ముందే ఉప్పు డబ్బా మూత పెట్టేసింది. నేను ఏమిటని చూస్తే, నోరుమూసుకోమన్నట్టు కళ్ళురిమింది. వడ్డించి తలుపు పక్కన నిలబడింది. ఆయన కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. అమ్మ చూస్తోంది. నాన్న అప్పటికే ఉప్పు కోసం వెతుకుతున్నాడు. ఆయన ఇంకో ముద్ద తిన్నాడు.

"బాగున్నాది సెల్లీ."

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళి చూస్తే కొళాయి తిప్పి, దాని ముందు ఊరికే నిలబడి ఉంది. ఆ కొళాయి కింద గిన్నెలేమీ లేవు.

ఇదీ సంగతి. అందుకే షామియానా కింద పెద్దావిడ అడిగితే అమ్మ జవాబు చెప్పలేకపోయింది. నాన్న ఎప్పటికీ తమ్ముడనే అంటాడు, ఆయనకి వరసలు మారినా నోరు మారదు. నేనూ మా ఆయనా మా పెళ్ళి నిలబెట్టుకోవాలి కాబట్టి మా వరసలు మేం గట్టిగా పట్టుకున్నాం. అమ్మ ఎవరవుతుంది?

లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. అమ్మని చూడగానే చెయ్యి పట్టుకుంది.

"ఈవిడెవులో నాను సెప్తాను పిన్నీ," అంది పెద్దావిడతో. "ఈవిడే ఆయన బేంకాక్ వదిన."

అరుగు మీద ఆడవాళ్ళందరూ ఒక్కసారి తలలు తిప్పారు. ఓలమ్మా, ఈవిడేనా, అని ఒకావిడ పక్కావిడతో అంది. అందరికీ తెలిసినట్టే ఉంది.

"వదినా?" అంది అమ్మ. "నన్ను చెల్లీ అనేవాడు."

"మీ ఇంటికాడేమో. ఇక్కడ రోజూ వదిన ఊసే. నాను పులుసెట్టడం పాపం, ఇదే మా వదినైతే నీ పులుసుకి ఏటనీదో తెలుసా అని మొదలెట్టీవోడు. నువ్వన్న తిట్లన్నీ మా ఊరందరికీ నోటికొచ్చు. వెల్డింగు మాటయితే ఎన్నిసార్లు సెప్పేడో." ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. "రా, సూద్దుగాని."

లోపలికి వెళ్ళాం. చాప మీద పడుకోబెట్టారు. కనుబొమ్మలు ఇప్పుడు నిజంగానే తెల్లగా ఉన్నాయి. దీపం పెట్టారు. తలుపు దగ్గర అమ్మ ఒక్క క్షణం ఆగింది, గదిలోకి వస్తే ఆయన లేస్తాడేమోనని ఎప్పుడూ ఆగినట్టే. తర్వాత వెళ్ళి తల దగ్గర కూర్చుంది. కూర్చుని, చాలా ఏళ్ళుగా నేను వినని ఆ బ్యాంకాక్ గొంతుతో, గదిలో అందరికీ వినపడేలా అంది.

"లెగక్కర్లేదులే మరిదీ. పడుకో."